పాముకి నెమ్ము చేసిందని ఎప్పుడు తెలుస్తుంది?

పెంపుడు పాముకి ఊపిరితిత్తుల జబ్బు చేస్తే ఎలా గుర్తుపట్టాలని వెతికితే ఎక్కడైనా దొరికేది ఒకటే జాబితా. నోరు తెరిచి ఊపిరి తీయడం, ముక్కు దగ్గర బుడగలు, నోట్లో తీగలు సాగే జిగురు, పిల్లికూతలు, తిండి మానేయడం. జాబితాలో తప్పేమీ లేదు. నా గొడవల్లా, అందులో ఉన్నవి దాదాపు అన్నీ జబ్బు ముదిరాక బయటపడేవే. వాటిలో ఒక్కటీ కనిపించలేదు కాబట్టి పాము బాగానే ఉందని నిబ్బరంగా ఉన్నవాళ్లని చాలామందిని చూశాను. బుడగ కనిపించిన రోజు వాళ్లే ఫోన్ చేసి "నిన్నటిదాకా బాగానే ఉంది అన్నా" అంటారు. నిన్న కూడా బాగాలేదు. చాలా రోజులుగా బాగాలేదు. మనకి కనిపించలేదంతే.

నేనుండేది అమెరికాలో, ఒహాయోలో. మన తెలుగు ఇళ్లలో పామేంటని ఊళ్లో ఉన్నవాళ్లు ముక్కున వేలేసుకుంటారు గానీ, ఇక్కడ పిల్లలు మిడిల్ స్కూల్‌కి వచ్చేసరికి బాల్ పైథాన్ అనే చిన్నరకం కొండచిలువ కావాలని పేచీ పెట్టే ఇళ్లు నాకు తెలిసినవే బోలెడు. బొచ్చు రాలదు, మొరగదు, వారానికో పది రోజులకో ఒకసారి తింటుంది, ఇండియా వెళ్తే పక్కింటివాళ్లకి అప్పజెప్పొచ్చు. అమ్మానాన్నలు మెత్తబడటానికి ఈ నాలుగు మాటలు చాలు. ఇంట్లో అమ్మమ్మ ఉంటే మాత్రం ఇంకో రెండేళ్లు పడుతుంది.

ఇది చదివి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఎవరికైనా సరదా పుడితే ముందే ఒక మాట. మన దేశపు పాముల్ని, అది కొండచిలువైనా జెర్రిపోతైనా, ఇంట్లో పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతుల సంగతికొస్తే, 2022లో చట్టాన్ని సవరించాక వాటినీ ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలి. కాబట్టి నేను చెప్పేదంతా ఇక్కడి చలిదేశపు ఇళ్లలో, గాజు ట్యాంకుల్లో ఉన్న పాముల గురించే.

బాల్ పైథాన్ పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. ఘనా, టోగో, బెనిన్ ప్రాంతాల్లో చెదపుట్టల్లోనూ ఎలకల బొరియల్లోనూ పగలంతా పడుకుని రాత్రి బయటికొస్తుంది. పుట్టలో ఉండే వెచ్చదనం, తేమ దానికి ప్రాణం. ట్యాంకులో ఒక వైపు 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్, రెండో వైపు 25 నుంచి 27, గాలిలో తేమ 60 శాతం అటూ ఇటూ ఉండాలని చెప్పేది అందుకే. ఒహాయో జనవరిలో బయట మంచు, లోపల ఇరవై నాలుగు గంటలూ తిరిగే హీటింగ్. ఆ గాలికి మన పెదాలే పగులుతాయి. అలాంటి ఇంట్లో పుట్టలో ఉండాల్సిన ప్రాణిని పెట్టుకున్నాం. చలికాలంలోనే నాకు ఈ ఫోన్లు ఎక్కువ రావడంలో వింతేమీ లేదు.

అసలు పాములో జబ్బు ఎందుకు అంత ఆలస్యంగా తెలుస్తుందో చూడాలంటే అది ఊపిరి ఎలా తీస్తుందో చూడాలి.

మనకి ఛాతీకీ పొట్టకీ మధ్య డయాఫ్రమ్ అని ఒక కండరం ఉంటుంది. దగ్గాలంటే అది కావాలి. పాముకి అది లేదు. పక్కటెముకల మధ్య కండరాలతోనే గాలి లోపలికి తీసుకుని బయటికి వదులుతుంది. దగ్గి కఫం బయటికి తెచ్చుకునే వీలు దానికి లేదు. కుక్కకి దగ్గొస్తే ఇల్లంతా వినిపిస్తుంది. పాము ఊపిరితిత్తి నిండా చీము పట్టినా గదిలో చప్పుడుండదు. పైగా ఆ చీము మన చీములా పల్చగా ఉండదు, గట్టిగా ముద్దకడుతుంది. దానంతటది కారిపోయే ప్రశ్నే లేదు.

రెండో సంగతి, ఊపిరితిత్తి ఆకారం. చాలా పాముల్లో కుడి ఊపిరితిత్తి ఒక్కటే పనిచేస్తుంది, ఎడమది నామమాత్రం. కొండచిలువల్లో, బోవా జాతి పాముల్లో రెండూ ఉంటాయి, ఎడమది కాస్త చిన్నది. ముందు భాగం లోపల గోడలు తేనెపట్టు గదుల్లా ఉండి రక్తంలోకి ఆక్సిజన్ చేరేది అక్కడే. వెనక భాగం ఉత్త గాలిసంచి, పల్చటి గోడ, రక్తనాళాలు పెద్దగా ఉండవు. లోపల ఊరిన నీరు, చీము ఆ సంచిలోకి జారి అక్కడే ఉండిపోతాయి. పాము ఎలాగూ రోజులో ఎక్కువ భాగం కదలకుండా పడుకునే ప్రాణి. దానికి కావలసిన ఆక్సిజన్ తక్కువ. ఊపిరితిత్తిలో బోలెడంత చెడిపోయినా, పరిగెత్తాల్సిన పని లేదు కాబట్టి, ఉన్నదాంతో నెట్టుకొచ్చేస్తుంది. నోరు తెరిచిందంటే ఆ ఉన్నది కూడా చాలడం లేదని అర్థం.

మూడోది, శ్వాసనాళం మూతి. అది పాము నోటి అడుగున, నాలుక ఒరకి కాస్త వెనకే, చాలా ముందుకి ఉంటుంది. ఎలకని మింగేటప్పుడు ఆ మూతిని పక్కకి జరిపి ఊపిరి ఆడేలా చూసుకుంటుంది. అంత ముందుకి ఉంది కాబట్టే నోట్లో బలవంతంగా ఏది పోసినా తిన్నగా ఊపిరితిత్తిలోకి పోయే ప్రమాదం ఉంది. నాగపంచమికో నాగుల చవితికో బుట్టలో నాగుపాముని తెచ్చి మనచేత పాలు పట్టించేది గుర్తుందిగా. పాలు పాముల ఆహారం కాదు. రోజుల తరబడి నీళ్లివ్వకుండా ఎండగట్టిన పాము దాహానికి తాగుతుంది. ఆ పాలు ఊపిరితిత్తిలోకి పోయి నెమ్ము చేసి, పూజ అయిన కొద్ది రోజులకి ఎక్కడో చచ్చిపోతుంది. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లు ఏళ్లుగా నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పేది ఇదే. పుట్ట దగ్గర పాలు పోసి దండం పెట్టుకుంటే ఎవరికీ నష్టం లేదు, పాము నోట్లో మాత్రం పోయకండి.

సరే, మరి బుడగలకి ముందు కనిపించేదేంటి? ఇక్కడే నేను చాలామందితో విభేదిస్తాను. ముందుగా కనిపించేవి ఏ పాముకి ఆ పాముకే ప్రత్యేకం. ఆరోగ్యంగా ఉన్నప్పుడు మీ పాము ఎలా ఊపిరి తీస్తుందో, ఎక్కడ పడుకుంటుందో, తల ఎలా పెట్టుకుంటుందో మీకు తెలియకపోతే ఏ జాబితా మిమ్మల్ని ఆదుకోదు. అందుకే కొత్తగా పాము తెచ్చుకున్నవాళ్లకి నేను చెప్పే మొదటి పని జబ్బు లక్షణాలు చదవడం కాదు. రాత్రిపూట గదిలో లైటు తగ్గించి, ట్యాంకు పక్కన కుర్చీ వేసుకుని, ఫోన్ పక్కన పడేసి చూడమంటాను.

బాగున్న పాము ఊపిరి చూడటానికి ఓపిక కావాలి. ఒంటి ముందు భాగంలో పక్కలు కొద్దిగా లోపలికి పోతాయి, తర్వాత ఉబ్బుతాయి, ఆ తర్వాత ఏమీ ఉండదు. చాలాసేపు ఏమీ ఉండదు. మొదటిసారి చూసినవాళ్లకి టెన్షన్ వచ్చేంతసేపు. మళ్లీ ఇంకోటి. ఆ విరామమే ఆరోగ్యం. జబ్బు మొదలైతే ముందు తగ్గేది ఆ విరామమే. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం తగ్గుతుంది, పక్కలు లోతుగా కదులుతాయి, గవద కింద చర్మం కూడా ఊపిరితో పాటు ఉబ్బడం మొదలవుతుంది. తిన్న వెంటనే, భయపడ్డప్పుడు, బాగా వేడిగా ఉన్నప్పుడు కూడా వేగం పెరుగుతుంది కాబట్టి ఒక్కసారి చూసి తేల్చకూడదు. పాము ప్రశాంతంగా ఉన్న వేళ, రెండు మూడు రాత్రులు వరసగా అలాగే ఉంటే అప్పుడు ఆలోచించాలి.

తర్వాత తల. మామూలుగా బాల్ పైథాన్ తలని తన చుట్టల మీద పడేసి పడుకుంటుంది. ఊపిరి ఇబ్బందైతే తలని ఎత్తున పెట్టుకోవాలని చూస్తుంది. నీళ్ల గిన్నె అంచు మీదో, కొమ్మ మీదో, గాజుకి ఆనించో గడ్డం పైకి పెడుతుంది. పగలు దాక్కునే డబ్బాలో ఉండాల్సింది బయటే పడుకుంటుంది. ఇంకొకటి, చాలామంది తుడిచేసి మర్చిపోయేది: గాజు లోపలి వైపు, సరిగ్గా పాము తల ఎత్తులో, ఎండిన జిగురు గీతలు. ముక్కు రాసుకున్న చోట పడతాయి. మామూలు నీటి మరకైతే తెల్లగా సున్నంలా ఉంటుంది, తడి గుడ్డకి అంత తేలిగ్గా పోదు. ఇది మెరుస్తూ ఉంటుంది, తడి తగిలితే మళ్లీ జారుతుంది. ట్యాంకు శుభ్రం చేసే ముందు ఒకసారి టార్చి వేసి చూడండి.

తిండి విషయంలో మాత్రం జాబితాలు మనుషుల్ని తప్పుదారి పట్టిస్తాయి. బాల్ పైథాన్ మగవి చలికాలంలో, అంటే వాటి జతకట్టే కాలంలో, నెలల తరబడి ఎలక మొహం చూడవు. అది జబ్బు కాదు. మా ఇంట్లో ఉన్నవాడి పేరు లడ్డు. ప్రతి ఏడాదీ నవంబర్ వచ్చేసరికి అలకపాన్పు ఎక్కుతాడు, మార్చిదాకా దిగడు. కొత్తలో ప్రతి ఒక్కరూ దీనికి కంగారుపడతారు, తర్వాత ప్రతి ఒక్కరూ దీనికి అలవాటుపడిపోతారు. ఆ అలవాటే ప్రమాదం. తినకపోవడానికి కారణం అలకో జబ్బో చెప్పేది తూకం. ఆరోగ్యంగా ఉపవాసం ఉన్న పెద్ద పాము బరువు పెద్దగా తగ్గదు, దాని ఒంటి ఖర్చే అంత తక్కువ. జబ్బు చేసిన పాము తగ్గుతుంది. వంటింటి త్రాసు, ఒక డబ్బా, ఒక నోటు పుస్తకం. ఇంతకంటే చవకైన, ఇంతకంటే నమ్మకమైన పరికరం నాకు తెలియదు.

లడ్డు సంగతి చెప్తాను. ఒక శీతాకాలం మంచు తుఫానుకి మా పేటంతా కరెంటు పోయింది. ఇల్లు చల్లబడింది. వేడినీళ్ల సీసాలు దుప్పట్లో చుట్టి పెట్టాం, కరెంటొచ్చింది, వాడు మామూలుగానే ఉన్నాడు. అలక కాలం కాబట్టి తిండి ఎలాగూ లేదు. ఆ తర్వాతి తూకాల్లో బరువు జారడం మొదలైంది. అన్ని చలికాలాల్లో నోటు పుస్తకంలో అడ్డంగా నడిచిన గీత ఈసారి కిందికి దిగింది, నూరు గ్రాములకి పైనే. అదీగాక రాత్రీ పగలూ వేడి వైపే పడుకుంటున్నాడు. చప్పుడు లేదు. బుడగ లేదు. ముక్కు పొడిగా ఉంది. నోరు మూసే ఉంది. జాబితా పట్టుకుని చూస్తే వాడికి ఏ జబ్బూ లేదు.

డాక్టరమ్మ ముందు చెవితో వింది, తర్వాత ఒక సన్నటి ప్లాస్టిక్ పట్టీతో నోరు నెమ్మదిగా తెరిచింది. పళ్లకి దెబ్బ తగలకుండా తెరవడం అలవాటున్న చేతులకే సాధ్యం, ఇంట్లో ప్రయత్నించకండి. నోటి లోపల లేత గులాబీ రంగు, బాగానే ఉంది. లైటు దగ్గరికి పెట్టి చూడమంది. నాలుక ఒర వెనక చిన్న నిలువు చీలిక, మూసుకుని ఉంది. కొన్ని క్షణాలు అలాగే ఉంది. తర్వాత తెరుచుకుంది. లోపలి అంచున పారదర్శకంగా ఒక పొర, ఊపిరి బయటికొచ్చేటప్పుడు చిన్న బుడగగా ఉబ్బి పగిలింది. మళ్లీ మూసుకుంది. ఆ బుడగ ముక్కుదాకా రావడానికి ఇంకా ఎన్ని వారాలు పట్టేదో. శ్వాసనాళంలోకి కొద్దిగా సెలైన్ పంపి వెనక్కి లాగి, అందులో ఏ బాక్టీరియా ఉందో పెంచి చూసే కల్చర్ పరీక్షకి పంపింది, వైరస్ పరీక్షకి నోటి నుంచి స్వాబ్ తీసింది. వైరస్ లేదని వచ్చింది, బాక్టీరియా పెరిగింది. మందు పనిచేసింది. వాడు మార్చిలో ఎప్పటిలా అలక దిగాడు.

వేడి వైపే పడుకున్నాడని చెప్పానే, దాని వెనక ఒక మంచి కథ ఉంది. పాములు, బల్లులు చల్లటి రక్తపు జీవాలు, మనలా లోపల్నుంచి జ్వరం తెచ్చుకోలేవు. కానీ జబ్బు చేస్తే ఎక్కువ వేడిగా ఉన్న చోటికి వెళ్లి ఒంటి ఉష్ణోగ్రత పెంచుకుంటాయి. 1970ల్లో అమెరికాలో మ్యాథ్యూ క్లూగర్ బృందం ఎడారి ఇగ్వానా అనే బల్లుల మీద దీన్ని పరీక్షించింది. వాటికి ఏరోమోనాస్ అనే బాక్టీరియా ఎక్కించి వేర్వేరు ఉష్ణోగ్రతల్లో ఉంచారు. ఎక్కువ వేడిలో ఉన్నవి ఎక్కువ బతికాయి. జ్వరం ఒంటికి మేలు చేస్తుందనడానికి గట్టి సాక్ష్యంగా 1975లో వచ్చిన ఆ ఫలితాన్ని ఇప్పటికీ చూపిస్తారు. కాబట్టి చల్ల వైపు, వేడి వైపు రెండూ సరిగ్గా ఉన్న ట్యాంకులో పాము రోజుల తరబడి వేడి వైపు వదలడం లేదంటే, దాని మాట వినాలి. రెండు వైపులూ ఉండాలన్నది గుర్తుంచుకోండి. ట్యాంకంతా చల్లగా ఉంటే ఏ పామైనా వేడి వైపే ఉంటుంది.

ఇదే పరిశోధన పేరు చెప్పుకునే ఒక సలహా మాత్రం నాకు ఒళ్లు మండిస్తుంది. "రెండు డిగ్రీలు పెంచి రెండు వారాలు చూడండి, అదే తగ్గిపోతుంది." పాములు పెంచేవాళ్లలో ఇది వేదవాక్కు అయిపోయింది. ఇందులో సగం నిజం. జబ్బు అనుమానం రాగానే రాత్రిపూట ఉష్ణోగ్రత పడకుండా చూడటం, చల్ల వైపు కూడా కాస్త పెంచడం, మొత్తం మీద ఆ జాతికి సరిపడే పై హద్దు దగ్గర ఉంచడం, డాక్టర్లు కూడా చెప్పే పనే. వేడి తగ్గితే దాని రోగనిరోధక శక్తి మందగిస్తుంది, ఇచ్చిన మందు కూడా సరిగ్గా పనిచేయదు. మిగతా సగం దగ్గరే నా పేచీ. వేడి పెంచడం డాక్టర్ దగ్గరికి వెళ్లేలోగా చేసే పని, వెళ్లకుండా ఉండటానికి చేసే పని కాదు. పైగా తేమ చూసుకోకుండా వేడి పెంచితే గాలి ఇంకా ఎండిపోతుంది, లోపల జిగురు ఇంకా గట్టిపడుతుంది. ఎడారి ఇగ్వానాలు హాయిగా ఉండే వేడికి బాల్ పైథాన్ చచ్చిపోతుంది. ఆ రెండు వారాల్లో కొన్ని పాములు కోలుకుంటాయి, నిజమే. కోలుకోనివాటి గురించే నాకు ఫోన్లు వస్తాయి.

కంగారు అక్కర్లేనివి కూడా ఉన్నాయి, అవి గబగబా చెప్పేస్తాను. కుబుసం విడిచే ముందు కళ్లు నీలంగా మసకబారతాయి, ముక్కు రంధ్రాల్లో పాత చర్మం వదులై ఊపిరి తీసినప్పుడల్లా సన్నటి ఈల వినిపిస్తుంది. కుబుసంతో పాటు పోతుంది. పోకపోతే, కుబుసం విడిచాక కూడా ఈలో టిక్కుటిక్కుమనే చప్పుడో ఉంటే, అప్పుడు చూపించాలి. ఆవలింత జబ్బు కాదు, తిన్నాక దవడలు సర్దుకోవడానికి రెండు మూడుసార్లు ఆవలిస్తుంది. నీళ్లు తాగాక ముక్కు తడిగా ఉండటం మామూలే. స్పైడర్ అనే రంగు రకం బాల్ పైథాన్లు పుట్టుకతోనే తల వణుకుతూ, ఒక్కోసారి మెలికలు తిరుగుతూ ఉంటాయి, అది జన్యు లోపం, ఊపిరిది కాదు. ఆ రకాన్ని కొనకపోవడమే మంచిదన్నది నా అభిప్రాయం, అది వేరే గొడవ.

మన ఇళ్లకి మాత్రమే ప్రత్యేకమైన కొన్ని ప్రమాదాలు ఇక్కడి డాక్టర్లకి తట్టవు. పాము ట్యాంకు వంటింటికి ఆనుకుని ఉన్న హాల్లో పెడతారు. ఎండుమిర్చి పోపు ఘాటుకి మనమే దగ్గుతాం, అది దగ్గలేదు. సాయంత్రం సాంబ్రాణి, అగరొత్తులు. ఇవన్నీ ఆ పల్చటి ఊపిరితిత్తికి మంట పుట్టించేవే. పాముకి పడిశం పట్టిందని ట్యాంకు మూలన విక్స్ రాసిన దూది పెట్టిన పెద్దావిడ ఒకరు నాకు తెలుసు. ఆవిడ ప్రేమని నేను తప్పుపట్టను, దూదిని మాత్రం తీయించాను. ట్యాంకుని పడగ్గదిలోనో, పిల్లాడి గదిలోనో పెట్టండి.

అంతకంటే పెద్దది సూట్‌కేసు మందులు. ఇండియా నుంచి వచ్చే ప్రతి సూట్‌కేసులో ఏవో యాంటీబయాటిక్ స్ట్రిప్పులు ఉంటాయి, మనందరికీ తెలిసిందే. "అన్నా, అజిత్రోమైసిన్ ఉంది, ఎంత వేయమంటావ్?" అని అడిగినవాళ్లున్నారు. ఎంతా వేయొద్దు. పాముల ఊపిరితిత్తుల్లో ఎక్కువగా దొరికేవి సూడోమోనాస్, క్లెబ్సియెల్లా, ఏరోమోనాస్ లాంటి మొండి బాక్టీరియా. మన జలుబు మాత్రలకి అవి లొంగుతాయన్న నమ్మకం లేదు. పైగా పాము ఒంట్లో మందు కరిగే వేగం వేరు. వెటర్నరీ డాక్టర్లు తరచుగా వాడే సెఫ్టాజిడైమ్ ఇంజెక్షన్ మనుషులకైతే రోజుకి రెండు మూడుసార్లు ఇస్తారు, పాములకి 72 గంటలకి ఒకసారి చాలు. వాటి ఒళ్లు దాన్ని అంత నెమ్మదిగా వదిలించుకుంటుంది. మన లెక్కన వేస్తే మందు ఒంట్లో పేరుకుపోతుంది, తక్కువేస్తే బాక్టీరియా మందుకి అలవాటుపడుతుంది. కల్చర్‌లో ఏది పెరిగిందో, ఏ మందుకి చచ్చిందో చూసి ఇవ్వడం తప్ప దగ్గరి దారి లేదు.

అసలు బాక్టీరియాయే కాకపోతే? 2014లో అమెరికాలోనూ యూరప్‌లోనూ వేర్వేరు బృందాలు నెమ్ముతో చనిపోయిన పైథాన్లలో ఒక కొత్త వైరస్ ఉందని బయటపెట్టాయి. నిడోవైరస్ అన్నారు, ఇప్పుడు సర్పెంటోవైరస్ అని కూడా అంటున్నారు. 2018లో కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ఆరోగ్యంగా ఉన్న బాల్ పైథాన్లకి ఆ వైరస్ ఎక్కించి అదే జబ్బు వస్తుందని నిరూపించారు. నోట్లో జిగురు, ఎర్రబడిన గొంతు, చివరికి ఊపిరాడక నోరు తెరవడం. దీనికి మందు లేదు. సోకిన పాము నెలల తరబడి, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ కాలం, పైకి ఏమీ తెలియకుండా వైరస్‌ని మోస్తూ ఉండొచ్చు.

ఇక్కడ ఒక మాయ జరుగుతుంది. వైరస్ దెబ్బతీసిన ఊపిరితిత్తిలో బాక్టీరియా చేరుతుంది. యాంటీబయాటిక్ ఇస్తే బాక్టీరియా తగ్గి పాము తేరుకున్నట్టు కనిపిస్తుంది. కోర్సు అయిపోయాక కొన్నాళ్లకి మళ్లీ మొదలు. మళ్లీ ఇంకో యాంటీబయాటిక్. ఇలా మూడు కోర్సులు తిప్పి "మొండి జలుబు" అని సరిపెట్టుకున్న ఇళ్లు చూశాను. ఈలోగా అదే పటకారుతో పక్క ట్యాంకు పాముకి ఎలక అందిస్తూనే ఉంటారు. అందుకే మొదటిసారి వెళ్లినప్పుడే స్వాబ్ పరీక్ష చేయమని మీరే అడగండి. డాక్టర్ ముందు మందిచ్చి చూద్దామంటే, ఇంట్లో ఇంకో పాము ఉందని చెప్పండి, వాదన అక్కడితో ముగుస్తుంది.

ఇంకో పాము లేకపోయినా రేపు వస్తుంది. ఒకటి కొన్నవాడు ఒకదానితో ఆగడు. పాములు అమ్మే ఎక్స్‌పో హాళ్లలో వందల పాముల్ని చిన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో పక్కపక్కనే పేర్చి, ఒకే చేత్తో తీసి చూపిస్తుంటారు. అక్కణ్నుంచి తెచ్చినదాన్ని కనీసం 90 రోజులు వేరే గదిలో పెట్టమని చెప్తారు. వేరే గిన్నె, వేరే పటకారు, పాతవాటి పని అయ్యాకే కొత్తదాని దగ్గరికి. పొలుసుల మధ్య, కళ్ల చుట్టూ నల్లటి ఆవగింజంత పురుగులు కనిపిస్తే ఇంకా జాగ్రత్త. అవి రక్తం తాగి పాముని నీరసపరచడమే కాక జబ్బుల్ని ఒకదాన్నించి ఇంకోదానికి అంటిస్తాయి. తొంభై రోజులా అని నిట్టూర్చేవాళ్లకి నేను చెప్పేదేంటంటే, ఆ వైరస్ తొంభై రోజుల తర్వాత కూడా దాక్కుని ఉండొచ్చు, కాబట్టి ఆ గడువులోపు స్వాబ్ పరీక్ష కూడా చేయించండి.

ఖర్చు మాట రాకుండా పోదు. పాము ధర కంటే పరీక్షల ధర ఎక్కువ, అందులో అనుమానం లేదు. "యాభై డాలర్ల పాముకి అన్ని వందలా?" అని ఇంటాయన, "ఇంకోటి కొనుక్కుందాం" అని పిల్లాడి తమ్ముడు. పెట్ షాపులో ఇది మొదటిసారి పెంచేవాళ్లకి సరిపోయే పామని, ఏ ఇబ్బందీ ఉండదని చెప్పి అంటగట్టినప్పుడు ఈ లెక్క ఎవరూ చెప్పరు. బాల్ పైథాన్ సరిగ్గా చూసుకుంటే 20 నుంచి 30 ఏళ్లు బతుకుతుంది. మీ పిల్లాడు పెళ్లి చేసుకుని వెళ్లిపోయాక కూడా అది మీ ఇంట్లోనే ఉండొచ్చు. నా మాట కటువుగా ఉంటే ఉండనీ: మీ ఊరికి కారులో వెళ్లగలిగే దూరంలో పాముల్ని చూసే డాక్టర్ లేకపోతే, ఒక్కసారి పరీక్షలకయ్యే డబ్బు పక్కన పెట్టలేకపోతే, పాము కొనకండి. కుక్కల డాక్టర్లందరూ పాముల్ని చూడరు. సరీసృపాల, ఉభయచరాల వెటర్నరీ డాక్టర్ల సంఘం ఒకటుంది, ఎ.ఆర్.ఎ.వి. అంటారు. వాళ్ల సైట్‌లో ఊరి వారీగా డాక్టర్ల పేర్లుంటాయి. ట్యాంకు కొనే ముందు అది చూడండి.

ఇక వెళ్లాల్సి వస్తే, చలికాలంలో పాముని తీసుకెళ్లడమే ఒక పని. శుభ్రమైన దిండు గలీబులో వేసి మూతి ముడేసి, థర్మాకోల్ పెట్టెలో పెట్టండి, మూతకి గాలి రంధ్రాలుండాలి. గోరువెచ్చటి నీళ్ల సీసాని టవల్‌లో చుట్టి పక్కన, పాముకి తగలకుండా. కారు ముందే వేడి చేసుకోండి. నోటు పుస్తకం, ట్యాంకు రెండు వైపుల ఉష్ణోగ్రతలు, తేమ రాసిన కాగితం తీసుకెళ్లండి. గాజుకి అంటించే గుండ్రటి ముల్లు మీటరు చెప్పిన అంకెలు వద్దు, వాటిని నేను నమ్మను, తీగ ఉన్న డిజిటల్ మీటరుతో కొలవండి. అన్నిటికంటే ముఖ్యం ఇంట్లో తీసిన వీడియో. క్లినిక్‌లో బల్ల మీద పెట్టగానే పాము బెదిరి బుసకొడుతుంది, ముడుచుకుంటుంది, అక్కడ దాని మామూలు ఊపిరి ఎవరికీ కనిపించదు. పడుకుని ఉన్నప్పుడు పక్క నుంచి, చప్పుడు కూడా వినిపించేలా, టీవీ కట్టేసి తీయండి.

ఫోన్‌లో అపాయింట్‌మెంట్ అడిగేటప్పుడు మాట తడబడకండి. నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే "ఓపెన్ మౌత్ బ్రీతింగ్" అని ఆ మూడు ముక్కలే మొదట చెప్పండి, చాలాచోట్ల ఎమర్జెన్సీ కింద తీసుకుని అదే రోజు చూస్తారు. అంతదాకా రాకముందే కనిపెట్టారనుకోండి, బరువు ఏ తేదీకి ఎన్ని గ్రాములుందో, ఇవాళ ఎంతుందో చెప్పండి. "కొంచెం డల్‌గా ఉందండీ" అంటే మాత్రం వచ్చే వారానికి ఇస్తారు.